కుట్టు మిషన్ నూనె, నాన్న కెమెరా

ఈ వారం ఉత్తరం కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. రాసినామె పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు నలభై రెండు, స్కూలు టీచరు. ఆమె నాన్నగారు 1979 నుంచి 2006 దాకా మండల కేంద్రంలో ఫొటో స్టూడియో నడిపారు. పెళ్లిళ్లు, బారసాలలు, హాల్‌టికెట్ ఫొటోలు, అన్నీ ఆయన చేతి మీదే. స్టూడియో మూసేశాక సామానంతా అమ్మేసి ఒక్క కెమెరా మాత్రం ఉంచుకున్నారు. అది రెండు కళ్ల యాషికా మ్యాట్ 124జి. రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. చెవులు మాత్రం పాముచెవులట. ప్రతి ఆదివారం ఆ కెమెరాను ఒళ్లో పెట్టించుకుని ఎడమచేత్తో పసుపు గుడ్డతో తుడుచుకుంటారు.

ఉగాది వెళ్లిన పదో రోజుకి అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లు. ఆ రోజు వాళ్లిద్దరి ఫొటో ఈ కెమెరాతోనే తియ్యాలని ఈమె కోరిక. ట్రయల్‌గా సంక్రాంతికి ఒక రోల్ వేశారు. నాన్న అలవాటే ఈమెకూ ఉంది, ప్రతి ఫొటో ఎప్పుడు, ఏ స్పీడులో, ఏ అపెర్చర్‌లో (అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరిచి) తీసిందీ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. భోగి పొద్దున తీసిన 1, 2 తెల్లగా వెలిసిపోయాయి. వెంటనే తీసిన 3 నుంచి 7 దాకా చక్కగా వచ్చాయి. మర్నాడు పొద్దున తీసిన 8, 9 మళ్లీ తెల్లబోయాయి. 10, 11, 12 బాగున్నాయి. ల్యాబ్ వాళ్లు ఫిల్మ్ పాతదన్నారు. తమ్ముడు బ్యాటరీ లేదు, అందుకే అన్నాడు. పట్నంలో ఒక రిపేరు షాపతను విప్పకుండానే రెండుసార్లు క్లిక్‌మనిపించి, "షట్టర్ పోయిందండీ, వేరే కెమెరాలోంచి తీసి వెయ్యాలి, ఎనిమిది వేలవుతుంది" అన్నాడు.

ఆ రాత్రి ఈమె ఏదో వీడియో చూసి, లెన్స్ పక్కనున్న చిన్న మీట సందులో కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు వేశారు. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో రోజు నుంచి ఏ స్పీడు పెట్టినా షట్టర్ బద్ధకంగా తెరుచుకుని, బద్ధకంగా మూసుకుంటోంది. నాన్నకు చెప్పలేదు. మూడు ఆదివారాలుగా "తమ్ముడు విజయవాడ పట్టుకెళ్లాడు" అని అబద్ధం. "కెమెరా పాడైనదాని కన్నా ఈ అబద్ధమే ఎక్కువ టెన్షన్‌గా ఉంది" అని రాశారు. అడిగినవి నాలుగు. షట్టర్ నిజంగా పోయిందా? ఎనిమిది వేలు పెట్టాలా? నేనే శుభ్రం చేసుకోవచ్చా? లేదంటే ఇలాంటిదే ఇంకో కెమెరా కొని గప్‌చుప్‌గా దీని స్థానంలో పెట్టేయొచ్చా?

అమ్మా,

మన దగ్గర రిపేరు భాషలో అన్నిటికీ ఒకటే మాట. ఫ్యాను పోయింది, మిక్సీ పోయింది, మోటారు పోయింది. లోపల ఒక వైరు ఊడినా పోయిందే, మొత్తం కాలిపోయినా పోయిందే. మీ షట్టర్ పోలేదు. ఈ మాట నేను మీ కెమెరా చూడకుండా అంటున్నాను కదా, దేని బలంతో అంటే మీ నోట్‌బుక్ బలంతో.

ఆ పన్నెండు ఫొటోలు మళ్లీ ఒకసారి వరసగా చూడండి. ఫిల్మ్ పాతదైతే రోలంతా ఒకేలా పాలిపోవాలి గానీ రెండు చెడి, ఐదు బాగుండి, మళ్లీ రెండు చెడవు. బ్యాటరీ సంగతీ అంతే. మీ కెమెరాలో బ్యాటరీ పని వెలుతురు కొలిచే మీటరు వరకే. షట్టర్ పూర్తిగా స్ప్రింగులతో, పళ్ల చక్రాలతో నడిచేది, దానికి కరెంటుతో పని లేదు. మీ తమ్ముడికి కోపం రాకుండా చెప్పండి, ఆ మీటరుకి కావలసిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు అమ్మకంలోనే లేదు. స్ప్రింగు విరిగిందనుకుందామా? విరిగిన స్ప్రింగు మూడో క్లిక్‌కి అతుక్కోదు. వెలుతురు లీకైతే ఫొటోలో ఒక మూల చారలాగా, మరకలాగా పడుతుంది, ఫ్రేమంతా సమానంగా తెల్లబోదు. నెగటివ్‌లు మీ దగ్గరే ఉంటే కిటికీకి ఎత్తి పట్టి చూడండి. 1, 2, 8, 9 నల్లగా, చిక్కగా ఉంటాయి. నెగటివ్ నల్లగా ఉందంటే వెలుతురు ఎక్కువ పడిందని అర్థం. అంటే షట్టర్ తెరుచుకుంది, మూసుకోవడమే ఆలస్యమైంది.

రాత్రంతా కదలకుండా, అదీ సంక్రాంతి చలిలో ఉన్న షట్టర్ పొద్దున్నే మొదటి రెండు క్లిక్కులకి బద్ధకించి, ఒళ్లు కదిలాక మామూలైంది. ఇది విరిగిన షట్టర్ లక్షణం కాదు, జిడ్డు పట్టిన షట్టర్ లక్షణం. రిపేరు షాపతను రెండుసార్లే క్లిక్‌మనిపించాడంటే అతను చూసింది ఆ మొదటి రెండే.

లోపల ఏముందో కాస్త చెబుతాను, తర్వాత చెప్పేవి దాన్నిబట్టి అర్థమవుతాయి. మీ కెమెరాలో పై కన్ను మీరు చూసుకోవడానికి, కింది కన్ను ఫిల్మ్ కోసం. ఆ కింది లెన్స్ మధ్యలో కాగితమంత పల్చటి ఉక్కు రేకులు కొన్ని, పువ్వు రెక్కల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. అవే షట్టర్. నొక్కగానే ఒక స్ప్రింగు వాటిని బయటికి లాగి, మళ్లీ లోపలికి తోస్తుంది. 500 స్పీడులో ఈ రాకపోకలన్నీ సెకనులో ఐదువందలో వంతులో అయిపోవాలి. అంత తేలికైన రేకుల్ని లాగే స్ప్రింగు కూడా తేలికైనదే. అందుకే ఆ రేకులు పొడిగా ఉండాలి. వాటికి నూనె వెయ్యడమనేది ఫ్యాక్టరీలోనూ లేదు. తడి కంచాలు ఒకదానిలో ఒకటి పేర్చి పెడితే ఎలా అంటుకుపోతాయో మీకు తెలుసు. రెండు రేకుల మధ్య చేరిన జిడ్డు పొర కూడా అలాగే పట్టేస్తుంది.

మరి ఎవరూ వెయ్యని జిడ్డు ఎక్కడిదంటే, చుట్టుపక్కల కదిలే భాగాలకు ఎప్పుడో పెట్టిన గ్రీజు నుంచి. ఈ మోడల్ 1970లో వచ్చి 80ల మధ్యలో ఆగిపోయింది. అంటే మీ కెమెరాకు ఎంత తక్కువ వేసుకున్నా నలభై ఏళ్లు. అన్ని ఎండాకాలాలు బీరువాలో కూర్చుంటే గ్రీజులోని నూనె విడిపోయి, పలచబడి, పాక్కుంటూ పోతుంది. చలికాలం వచ్చేసరికి అదే బంకలా మారుతుంది.

ఇక మీ రెండు చుక్కల సంగతి. మీ మీద కేకలెయ్యను. మీ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. స్టూడియోకి ఇనప షట్టర్ ఉండేది కదా, వానాకాలం పట్టేస్తే నాన్నగారు పట్టాల్లో ఇంత గ్రీజు కొట్టేవారు, గడగడా పైకి లేచేది. పేరొకటే గానీ ఆ షట్టర్ వేరు, ఈ షట్టర్ వేరు. రెండు రోజులు బాగా పనిచెయ్యడానికి కారణం, కొత్త నూనె పాత బంకను పలచన చేసింది. ఆ తర్వాత ఆ కలిపిన జిడ్డంతా రేకుల మీదికి పాకింది. ఇంతకుముందు అంచుల్లో ఉన్నది ఇప్పుడు నిండా పరుచుకుంది. మీరు కెమెరాను చంపలేదు, ఎప్పుడైనా చేయించక తప్పని పనిని కాస్త ముందుకు జరిపారు, కొంచెం పెద్దది చేశారు. అంతే.

కానీ ఇక్కడి నుంచి కొన్ని పనులు మాత్రం పొరపాటున కూడా వద్దు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు కొట్టకండి, అవి ఆరాక కూడా నూనె పొర మిగులుస్తాయి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఎండలో పెట్టకండి. వేడికి ఆ జిడ్డు ఇంకా పలచబడి లెన్స్ గాజు మీదికి పోతుంది. "ఆడిస్తూ ఉంటే అదే వదులవుతుంది" అని టీవీ చూస్తూ వందసార్లు క్లిక్‌మనిపించకండి. నూనె వెయ్యకముందు ఆ చిట్కా కొంత పనిచేసేదే, ఇప్పుడు ప్రతి క్లిక్కూ జిడ్డును ఇంకాస్త పులుముతుంది. సెల్ఫ్ టైమర్ మీటను ముట్టుకోకండి. ముసలి కెమెరాల్లో అది మధ్యలో ఆగిపోతే షట్టర్ అసలు కదలదు, ఒక రోగానికి రెండు రోగాలవుతాయి. పక్కన తిప్పే హ్యాండిల్ ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయండి.

ఒక్కసారి మాత్రం పరీక్ష చెయ్యండి, ఎందుకంటే ఎవరి చేతిలో పెట్టినా మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. పొద్దున్నే, కెమెరా రాత్రంతా కదలకుండా ఉన్నాక చెయ్యండి. అపెర్చర్ 3.5 మీద పూర్తిగా తెరిచి, ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తీసి, లెన్స్‌ను కిటికీ వైపు పెట్టి వెనక నుంచి చూడండి. మొదట స్పీడ్ల అంకెల వరసలోనే ఉండే బి అన్న గుర్తు మీద పెట్టండి. నొక్కి పట్టుకుంటే తెరుచుకుని ఉండాలి, వేలు తియ్యగానే టక్కున మూసుకోవాలి. తర్వాత 1 సెకను. జర్ర్ర్ అని సన్నగా, ఒకే శ్రుతిలో శబ్దం వచ్చి టక్ అని ఆగాలి. ఆ జర్ర్ర్ పళ్ల చక్రాలది. 1 నుంచి 15 దాకా ఉన్న నెమ్మది స్పీడ్లను సాగదీసేది ఎక్కువగా అవే. తర్వాత ఒక్కో స్పీడు మీదా ఒక్కో క్లిక్, ఒక్కో గీతలో రాసుకోవడం. మళ్లీ చెబుతున్నా, మొదటి క్లిక్‌కి వచ్చిందే రాయండి, పదో క్లిక్‌ది కాదు.

కళ్లతో 30కీ 60కీ తేడా తెలియదు. దానికి మీ ఫోన్ ఉంది. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే సదుపాయం ఉంటే, వెనక తెల్లటి వెలుతురు పెట్టి ముందు నుంచి లెన్స్‌ను వీడియో తియ్యండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ ఎన్నిట్లో తెరిచి ఉందో లెక్కపెట్టండి. 15 మీద 16 ఫ్రేములు, 30 మీద 8, 60 మీద 4 రావాలి. 125 మీద రెండు ఫ్రేములే, ఆపైన ఇంకా తక్కువ కాబట్టి ఆ లెక్కను నమ్మకండి. పాత షట్టర్లలో 500 అన్నది అచ్చంగా 500 ఉండడం ఎలాగూ అరుదు, నెగటివ్ ఫిల్మ్ ఆ మాత్రం తేడాను మింగేస్తుంది. బి మీద తెరిచి పట్టుకున్నప్పుడే అపెర్చర్‌ను కాస్త మూసి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా వేసి అపెర్చర్ రేకులు కూడా చూడండి. తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే కనిపిస్తుందే, ఆ ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే నూనె అక్కడిదాకా వెళ్లినట్టు. అపెర్చర్ తిప్పేది మన చేత్తోనే కాబట్టి అది పెద్ద ప్రమాదం కాదు, కానీ రాసి పెట్టుకోండి.

బి కూడా మెల్లగా మూసుకుంటే జిడ్డు రేకుల్లో ఉంది. మీ ఉత్తరాన్నిబట్టి నా అంచనా ఇదే. బి టక్కున మూసుకుని, 1 సెకను మాత్రం జర్ర్ర్ అని సగంలో నిలిచిపోతే జిడ్డు పళ్ల చక్రాల్లో ఉంది, రేకులు బాగున్నాయి. రెండూ ఉండొచ్చు. రేకులు సగమే తెరుచుకున్నా, లేదంటే హ్యాండిల్ మామూలుగా తిరుగుతున్నా నొక్కితే అసలు ఏమీ జరగకపోయినా, అప్పుడు మాత్రం జిడ్డు కాకుండా ఇంకేదో ఊడిందో వంగిందో అనుకోవాలి. ఆ పరిస్థితిలో నా మాటలన్నీ పక్కన పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఎనిమిది వేల సంగతికి వద్దాం. ఆ మనిషి మోసగాడని నేననను. శుభ్రం చెయ్యడానికి ఒక పూట కూర్చోవాలి, మార్చడం సులువు, చాలామంది మెకానిక్కులు సులువైన దారే చూస్తారు. కానీ వేరే కెమెరాలోంచి తీసే షట్టర్ మాత్రం నిన్న తయారైందా? అదీ ఈ వయసుదే, దానిలోనూ అదే పాత గ్రీజు. దాన్నీ శుభ్రం చెయ్యకుండా బిగిస్తే వచ్చే సంక్రాంతికి మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కాబట్టి ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా "షట్టర్ రిపేరు" అనకండి. "రేకుల మీద నూనె పడింది, షట్టర్ విప్పి పూర్తిగా కడగాలి, ఏదీ మార్చొద్దు, మార్చాల్సి వస్తే ముందు ఫోన్ చెయ్యండి, తీసిన పాత భాగం నాకు ఇచ్చెయ్యండి" అనండి. నూనె మీరే వేశారని దాచకండి. ఏ నూనె, ఎన్ని చుక్కలు, ఎక్కడ వేశారో చెబితే అతనికి గంట పని తగ్గుతుంది. మీ కాగితం ఇవ్వండి. కాగితం చూసి నవ్వేవాడి దగ్గర కెమెరా పెట్టకండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ వైపు కెమెరా షాపులున్నాయి, అక్కడ అడిగితే పాత మెకానికల్ కెమెరాలు విప్పే చేతులు ఇంకా ఎవరివి మిగిలాయో చెబుతారు. డిజిటల్ కెమెరాలు బాగుచేసే కుర్రాడికి ఇది ఇవ్వడం, స్కూటీ మెకానిక్‌కి ఎడ్లబండి చక్రం ఇచ్చినట్టే.

మీరే చేసుకోవడం. చెయ్యొచ్చు, కానీ ఎంతవరకో తెలిసి చెయ్యాలి. కింది లెన్స్ ముందు భాగం స్క్రూలా తిప్పితే ఊడి వస్తుంది, దాని వెనకే షట్టర్ రేకులు. లైటర్లలో పోసే ఫ్లూయిడ్‌తో దూది పుల్లను తడిపి (కారకూడదు, తడిగా ఉండాలి, అంతే), రేకుల మీద మెత్తగా తుడవడం, ఆరనివ్వడం, రెండుసార్లు క్లిక్‌మనిపించడం, కొత్త పుల్లతో మళ్లీ తుడవడం. రేకుల సందుల్లోంచి జిడ్డు ప్రతి క్లిక్‌కీ బయటికి వస్తూనే ఉంటుంది, కాబట్టి పది పదిహేనుసార్లు ఓపిక పట్టాలి. బంకు పెట్రోలు వద్దు, కిరోసిన్ వద్దు, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలే వద్దు. మొదటి రెండూ మరక మిగులుస్తాయి, మూడోది పెయింటునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి, అది భగ్గున అంటుకునే సరుకు.

ఇందులో ఎక్కడ దెబ్బ తింటామో నా అనుభవం చెబుతాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకాయన మడత కెమెరా తెచ్చాడు, అచ్చం మీ కెమెరా జబ్బే. నేను పిచికారీతో లోపల నిండా పెట్రోలు పోసి, ఊపి, ఆరబెట్టి, "చూడండి సార్, గడియారంలా ఉంది" అని ఇచ్చేశాను. డబ్బులు కూడా తీసుకున్నాను. వారం తిరక్కుండా వచ్చాడు. పెట్రోలు జిడ్డును కరిగించింది గానీ ఎత్తుకుపోలేదు. చుట్టూ ఉన్నదంతా కరిగి రేకుల మీదికే చేరింది, పెట్రోలు ఆవిరైపోయింది, జిడ్డు మిగిలింది. పైగా లెన్స్ లోపలి గాజుకు పొగ పట్టినట్టు మరక. ఆ డబ్బు వెనక్కి ఇచ్చాను గానీ, ఆయన మొహం ఇప్పటికీ గుర్తు. కాబట్టి పొయ్యడం కాదు, తుడవడం. ఇంకో సంగతి, తీసిన గాజును తిరిగి చివరిదాకా బిగించకపోతే కింది కన్ను ఫోకస్ తప్పుతుంది. పై కన్నులో మీకు అంతా స్పష్టంగా కనిపిస్తుంది, ఫిల్మ్ మీద మాత్రం మసక పడుతుంది, రోల్ కడిగించేదాకా తెలియదు. రేకుల్లో జిడ్డుకి ఈ పద్ధతి చాలు. పళ్ల చక్రాలదాకా వెళ్లాలంటే కెమెరా ముందువైపు పలకంతా విప్పాలి, అది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం.

ఇంకో కెమెరా కొని గప్‌చుప్‌గా పెట్టేయడం అన్నారు. డబ్బు లెక్కలో అదేం తప్పు కాదు. ఆ రోజుకి పనిచేసే కెమెరా చేతికొస్తుంది, ఇది తీరిగ్గా బాగవుతుంది. మీ ఊళ్లోనే ఏ పాత స్టూడియో ఆయన దగ్గరో రెండు రోజులకు అరువు దొరికినా దొరుకుతుంది. కానీ "గప్‌చుప్‌గా" అన్నది జరిగే పని కాదమ్మా. ఇరవై ఏడేళ్లు చేత్తో పట్టుకున్న వస్తువు. హ్యాండిల్ ఎక్కడ కాస్త వదులు, తోలు ఏ మూల లేచింది, నల్ల పెయింటు ఎక్కడ అరిగి లోపలి లోహం కనిపిస్తోంది, ఆయన ఎడమచేతికి మొదటి ఆదివారమే తెలిసిపోతుంది. అప్పుడు మీరు చెప్పాల్సినవి రెండవుతాయి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం నూనెది కాదు, ఆయన చెవులు పాముచెవులు అన్నది. ఫోన్‌తో 240 ఫ్రేములు లెక్కపెట్టమని నేను మీకు చెబుతున్నాను గానీ, ఈ ఒక్క షట్టర్ శబ్దాన్ని ఇరవై ఏడేళ్లు విన్న మనిషి మీ వసారాలోనే కూర్చుని ఉన్నారు. స్టూడియోలో 1 సెకను ఎలా మోగుతుందో, 8 ఎలా మోగుతుందో, ఏది ఎప్పుడు కాస్త లాగేదో ఆయనకి తెలిసినట్టు ఏ మెకానిక్‌కీ తెలియదు. ఆయన ఇదివరకు ఎప్పుడైనా దీన్ని కడిగించారేమో, ఎవరితో కడిగించారో కూడా ఆయన్ను అడిగితేనే తెలుస్తుంది.

చెప్పకుండానూ గడపొచ్చు, అది మీ ఇష్టం. మెకానిక్‌కి ఇచ్చి, బాగయ్యాక ఒళ్లో పెడితే ఆయనకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. అందులో మహాపాపం ఏమీ లేదు, ఆరోగ్యం బాగాలేని మనిషిని కంగారు పెట్టకూడదన్న ఆలోచనను నేను తేలిగ్గా తీసెయ్యను. బీపీ ఎక్కువగా ఉండి, చిన్న మాటకే ఇబ్బంది పడే స్థితి అయితే ముందు అమ్మగారితో మాట్లాడండి. కానీ మంచి మెకానిక్ నెల రోజులు తీసుకుంటాడు. అంటే ఇంకో నాలుగైదు ఆదివారాలు "విజయవాడ" కథ సాగదీయాలి, తమ్ముడు కూడా అదే పాట పాడాలి. మూడుకే మీరు నాకు నాలుగు పేజీలు రాశారు.

చెప్పేట్టయితే కెమెరా చేతికిచ్చాక చెప్పకండి, ముందే చెప్పండి. "నాన్నా, షట్టర్ పట్టేస్తుంటే నేను మిషన్ నూనె వేశాను, ఎక్కువైంది" అన్న ఒక్క వాక్యం చాలు, వీడియో గురించీ షాపు గురించీ తర్వాత. కోప్పడొచ్చు. పూట మాట్లాడకపోనూ వచ్చు. మాట సరిగ్గా రాని మనిషి కోపం చూడటానికి ఇంకా కష్టంగా ఉంటుంది, అది కూడా అనుకునే వెళ్లండి. తర్వాత, పొద్దున మొదటి క్లిక్ అప్పుడు కెమెరాను ఆయన చెవి దగ్గర పెట్టి ఒక్కో స్పీడూ మోగించండి. బాగుంటే ఎడమ బొటనవేలు ఎత్తమనండి, బాగాలేకపోతే దించమనండి. మాటలు అక్కర్లేదు. మీ కాగితంలో ఫోన్ లెక్క పక్కన ఇంకో గడి గీసి "నాన్న" అని రాసి ఆ గుర్తు వెయ్యండి. రెండు గడులూ కలవని చోట నేనైతే ఆయన గడినే నమ్ముతాను.

ఇక తేదీ. ఉగాదికి ఇంకా టైముంది గానీ మెకానిక్కుల మాట తెలిసిందే. ఆ రోజుకి షట్టర్ పూర్తిగా బాగుపడకపోయినా ఫొటో ఆగక్కర్లేదు. నెమ్మది స్పీడ్లు మాత్రమే మొండికేస్తుంటే వాటి జోలికి పోకుండా, 400 ఐఎస్ఓ ఫిల్మ్ (తక్కువ వెలుతురు చాలే రకం) వేసి, ఉదయం వేపచెట్టు నీడలో 5.6 అపెర్చర్, 125 స్పీడుతో తియ్యండి. వెలుతురు లెక్క కాస్త అటూ ఇటూ అయినా నెగటివ్ తట్టుకుంటుంది. ఎండ నేరుగా మొహాల మీద పడకుండా చూసుకోండి చాలు.

ఏ స్పీడూ నమ్మేలా లేకపోతే పాతకాలం స్టూడియో పద్ధతి ఉంది. లెన్సుకి షట్టరే లేని రోజుల్లో ఫొటోగ్రాఫర్లు మూత తీసి, అంకె లెక్కపెట్టి, మూత పెట్టేవాళ్లు. మీరూ అదే చెయ్యండి. 100 ఫిల్మ్, గట్టి స్టాండు, అపెర్చర్ 11, పెద్ద కిటికీ పక్కన ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టండి. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వేసి చూస్తే అలాంటి గదిలో సుమారు ఒక సెకను చూపిస్తుంది. రెండు చూపిస్తే రెండు. కింది లెన్స్ ముందు నల్ల అట్టముక్క అడ్డంగా పట్టుకుని, స్పీడు బి మీద పెట్టి, లాక్ ఉన్న కేబుల్ రిలీజ్‌తో (కెమెరా బటన్‌కి బిగించి దూరం నుంచి నొక్కే తీగ) తెరిచి ఉంచండి. షట్టర్ ఎంత బద్ధకంగా తెరుచుకున్నా పర్లేదు, అడ్డం అట్ట ఉంది. ఒక క్షణం ఆగి కెమెరా ఊగడం మానాక, అట్టను కెమెరాకు తగలకుండా పక్కకి లాగి, "ఒకటీ" అనుకుని, మళ్లీ అడ్డం పెట్టి, అప్పుడు కేబుల్ వదలండి. ఎంత మెల్లగా మూసుకున్నా మీ ఫొటోకి సంబంధం లేదు. ముందు రోజు ఒక రోల్ దీనికే ఖర్చు పెట్టుకోండి. పన్నెండింటిలో ఆరు పాడైనా చెయ్యి అలవాటవుతుంది.

ఇద్దరి ఫొటోకి అట్ట మీరు పట్టుకోండి, కదలొద్దని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అమ్మగారికి చెప్పండి. తర్వాత ఆయన లేకుండా, మనవలతో అమ్మగారిని కూర్చోబెట్టి, ఆ అట్టముక్క ఆయన చేతికివ్వండి. దానికి ఎడమచెయ్యి చాలు.